సీసపు గుళిక, చెదరని గురి

తిరునాళ్ళకు వెళ్ళినవారందరికీ పరిచయమైన దృశ్యం ఒకటి ఉంది. నిలబెట్టిన ఒక చెక్కపలక, దానిమీద వరుసలు వరుసలుగా రంగురంగుల బెలూన్లు, ఎదురుగా బల్లమీద ఒక గాలితుపాకి. ఉత్తరాది మేళా కానివ్వండి, దక్షిణాది జాతర కానివ్వండి, ఈ దుకాణం రూపం దాదాపు ఒక్కటే. దుకాణదారు దుమ్ము పట్టిన డబ్బాలోనుండి చిన్న సీసపు గుళిక ఒకటి తీసి, తుపాకి విరిచి, అందులో పెట్టి మన చేతికి ఇస్తాడు. హిందీవారు దానిని 'ఛర్రా' అంటారు. మనవారు గుండు అనీ, పెల్లెట్ అనీ అంటారు. గురి తప్పితే తుపాకి గొట్టం వంకరగా ఉందని నవ్వుకుంటూ ముందుకు సాగిపోతాము. గుళికను నిందించాలని ఎవరికీ తోచదు.

ఆ 4.5 మిల్లీమీటర్ల కొలత గుళికే 2008 ఆగస్టు 11వ తేదీన బీజింగ్ నగరంలో మన దేశ క్రీడాచరిత్రను మలుపు తిప్పింది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో అభినవ్ బింద్రా సాధించిన స్వర్ణపతకం, ఒలింపిక్ క్రీడలలో ఒక భారతీయుడు వ్యక్తిగతంగా గెలుచుకున్న మొట్టమొదటి స్వర్ణం. ఆయన మొత్తం 700.5 పాయింట్లు సాధించగా, రెండవ స్థానంలో నిలిచిన చైనా క్రీడాకారుడు ఝూ చినాన్‌కు 699.7 వచ్చాయి. ప్రాథమిక దశలో 60, తుది దశలో 10, వెరసి 70 గుళికలు పేల్చిన తరువాత వారిద్దరి మధ్య మిగిలిన తేడా 0.8 పాయింటు మాత్రమే.

ఇంత స్వల్పమైన తేడాతో జయాపజయాలు నిర్ణయమయ్యే క్రీడలో గుళిక స్థితిగతులను గురించిన ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. గుళికలను వాడేముందు కడగాలా? వాటికి నూనె పట్టించాలా? అలా చేస్తే గురి మెరుగుపడుతుందా? కొత్తగా ఈ క్రీడలో ప్రవేశించే విద్యార్థులు తరచుగా అడిగే ఈ ప్రశ్నలకు 'అవును' అనిగాని, 'కాదు' అనిగాని ఒక్క మాటలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. గురికి మూలం ఏకరూపత. అంటే ప్రతి గుళికా దాని ముందుదానివలెనే ఉండడం, దానివలెనే పయనించడం. శుభ్రపరచడమూ, కందెన పూయడమూ ఆ ఏకరూపతకు సాధనాలు. ఏకరూపతను పెంచినంతవరకే వాటివల్ల మేలు. అది దాటితే కీడు.

గుళిక స్వరూపం

గాలితుపాకి గుళికను అరచేతిలో పెట్టుకుని పరిశీలిస్తే శివుని చేతి డమరుకం గుర్తుకు వస్తుంది. ముందు ఒక తల, మధ్య సన్నని నడుము, వెనుక పావడావలె విచ్చుకున్న బోలు భాగం. పోటీలలో వాడే గుళికకు తల చదునుగా ఉంటుంది. గురికాగితాన్ని చింపకుండా, గుండ్రంగా, స్పష్టంగా కత్తిరించిన రంధ్రం పడడానికి ఈ చదును అవసరం. ఎయిర్ రైఫిల్ పోటీలలో వాడే గుళిక బరువు సాధారణంగా 0.53 గ్రాము ఉంటుంది. పిస్తోలు గుళిక ఇంతకంటే కొంచెం తేలిక.

ఈ మూడు భాగాలకు మూడు పనులు ఉన్నాయి. తుపాకి గొట్టం లోపల మెలికలుగా తిరిగిన సన్నని గాడులు ఉంటాయి. గుళిక తల వాటిని ఆనుకుని గొట్టం మధ్యగా, సూటిగా సాగుతుంది. వెనుకనుండి గాలి ఒత్తిడి తగలగానే పావడా స్వల్పంగా విచ్చుకుని గొట్టపు గోడలకు అంటుకుంటుంది. దానివలన గాలి పక్కలనుండి జారిపోదు. గుళికకు గాడుల మెలికను అనుసరించి గిరగిర తిరిగే గుణం కూడా అబ్బుతుంది. నడుము సన్నగా ఉండడంవలన గొట్టంతో రాపిడి తగ్గుతుంది. వెనుకభాగం బోలుగా ఉన్నందువలన బరువు ముందువైపుకు చేరి, బాడ్మింటన్ ఆటలోని ఈకల బంతివలె గుళిక తల ముందుకే ఉంచుకుని పయనిస్తుంది.

ఇవన్నీ సక్రమంగా జరగాలంటే లోహం మెత్తగా ఉండాలి. సీసం అటువంటిది. గోటితో గీస్తే గీత పడుతుంది. నీటికంటే 11 రెట్లకు పైగా బరువైనది. 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగిపోతుంది. ఈ మెత్తదనమే దాని గుణం, అదే దాని దోషం. డబ్బా ఒకసారి చేయిజారి నేలమీద పడితే చాలు, ఎన్నో గుళికల పావడాలు సొట్టలు పడతాయి. సొట్టపడిన పావడా గొట్టాన్ని ఒకవైపు గట్టిగా, మరొకవైపు వదులుగా ఒరుసుకుంటుంది. అటువంటి గుళిక ఎంత శుభ్రంగా ఉన్నా, ఎంత నునుపుగా ఉన్నా సూటిగా పోదు. కడగడానికీ, నూనె పూయడానికీ ముందు చేయవలసిన పని ఏరివేత. విలుకాడు అమ్ములపొదిలోని బాణాలను ఒక్కొక్కటిగా కంటికి ఎదురుగా పట్టుకుని వంకర చూసుకున్నట్లే, గుళికలను మంచి వెలుతురులో ఒక్కొక్కటిగా చూసి, సొట్టలున్నవాటిని తీసివేయాలి. అద్దపు పలకమీద గుళికను మెల్లగా దొర్లిస్తే అది తలవైపు వంపు తిరుగుతూ ఒక చాపంలో దొర్లుతుంది. తోటి గుళికల దారి విడిచి తడబడుతూ దొర్లేదానిని పక్కన పెట్టడం మంచిది.

ఒక్క శాతం తేడా ఎంత?

చిన్న తేడాల విలువను అంచనా వేయడానికి పాఠశాలలో నేర్చుకున్న గతిశాస్త్రం సరిపోతుంది. ఎయిర్ రైఫిల్ గుళిక సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో గొట్టం వెలువడుతుందని అనుకుందాము. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే 10 మీటర్ల దూరాన్ని అది సెకనులో నూరింట ఆరు వంతుల కాలంలో దాటుతుంది. ఆ కొద్ది కాలంలోనే భూమ్యాకర్షణవలన సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. దానికి తగినట్లుగానే తుపాకిమీది గురిసాధనాన్ని ముందుగా సర్దుకుంటారు.

ఇప్పుడు ఒక గుళిక నూటికి ఒక వంతు తక్కువ వేగంతో వెలువడిందనుకుందాము. పతనం కాలం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక, అది నూటికి రెండు వంతులు, అంటే సుమారు 0.35 మిల్లీమీటరు ఎక్కువగా దిగుతుంది. చూడడానికి ఇది లెక్కకు రాని కొలత. అయితే ఎయిర్ రైఫిల్ గురికాగితంలో పది పాయింట్ల చుక్క వ్యాసమే 0.5 మిల్లీమీటరు. నేటి పోటీలలో ప్రతి దెబ్బను దశాంశాలలో లెక్కిస్తారు. కేంద్రంనుండి ప్రతి 0.25 మిల్లీమీటరు దూరానికి 0.1 పాయింటు తగ్గుతుంది. అంటే ఒక్క శాతం వేగభేదం ఒక దెబ్బకు 0.1 పాయింటును మించి హరించవచ్చు. అదే భేదం 25 మీటర్ల దూరంలో రెండు మిల్లీమీటర్లకు పైబడుతుంది.

బరువును గురించి కూడా ఇదే విధంగా ఆలోచించవచ్చు. 0.53 గ్రాము గుళికలో నూటికి ఒక వంతు అంటే సుమారు అయిదు మిల్లీగ్రాములు. ఒక చిన్న నూనె చుక్క బరువు దీనికి అనేక రెట్లు ఉంటుంది. పావడా బోలులో ఒక గుళికకు చుక్క నిలిచి, మరొకదానికి నిలవకపోతే రెండింటి బరువూ ఒకటి కాదు. కందెన విషయంలో జాగ్రత్త ఎంత అవసరమో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

మురికి ఏది, మురికి కానిది ఏది?

గుళికలను అచ్చులలో ఒత్తి తయారుచేస్తారు. ఆ సమయంలో రాలిన సన్నని సీసపు రజను కొంత వాటికి అంటుకుని ఉంటుంది. తయారీలో వాడిన నూనెలు, మసివంటి నల్లని పొడి కూడా ఉండవచ్చు. రవాణాలో గుళికలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని మరికొంత రజను రాలుతుంది. డబ్బా అడుగున కనిపించే నల్లని పొడి ఇదే. ఈ రజను గొట్టంలోని గాడులలో చేరితే ప్రతి గుళికా ఎదుర్కొనే రాపిడి మారుతుంది. కొన్ని గుళికలకు తావు ఇరుకై, కొన్నింటికి వదులై, ఏకరూపత చెడుతుంది.

అయితే గుళిక పైన కనిపించే బూడిదరంగు మాత్రం మురికి కాదు. అప్పుడే కోసిన సీసం వెండివలె మెరుస్తుంది. గాలి తగిలిన కొద్దిసేపటికే కాంతి తగ్గి బూడిదవన్నెకు తిరుగుతుంది. ఆ పలుచని పొర లోపలి లోహాన్ని కాపాడే కవచం. దానిని రుద్ది తొలగించి గుళికను తళతళలాడించవలసిన అవసరం లేదు.

తెల్లని పొడి కనిపిస్తే అది వేరు సంగతి. తేమ, బొగ్గుపులుసు వాయువు, కొన్ని ఆమ్లాల ఆవిరులు కలిసి సీసాన్ని తినివేసినప్పుడు ఈ తెలుపు ఏర్పడుతుంది. కొన్ని రకాల కలపనుండి వెలువడే ఆమ్లపు ఆవిరివలన సీసం త్వరగా పాడవుతుందని వస్తుప్రదర్శనశాలలవారికి అనుభవమే. పురాతనమైన సీసపు వస్తువులను వారు అటువంటి కలప పెట్టెలలో ఉంచరు. వర్షాకాలంలో తడి గదిలో, చెక్క అలమారులో మూతలేని డబ్బాలో నిలవ ఉంచిన గుళికలకు ఈ గతి పట్టవచ్చు. తెల్లబారిన గుళికలను కడిగి వాడుకోవాలని ప్రయత్నించరాదు. ఆ పొడి శరీరంలోకి సులభంగా చేరే విషం. వాటిని ముట్టకుండా మూసి, వేరుగా ఉంచాలి.

కడిగే విధానం

పోటీలకోసం తయారైన మేలురకం గుళికలు చాలావరకు శుభ్రంగానే వస్తాయి. అటువంటివాటిని డబ్బాలోనుండి తీసి అలాగే వాడడం పరిపాటి. చౌకరకం గుళికలలో, రజను ఎక్కువగా ఉన్న డబ్బాలలో కడగడంవలన ప్రయోజనం కనిపిస్తుంది. ముందుగా తెల్లని గుడ్డమీద పది గుళికలను దొర్లించి చూడాలి. గుడ్డమీద నల్లని చారలు దట్టంగా పడితే కడగడం సబబు.

దీనికి ప్రత్యేకంగా ఒక గిన్నె, ఒక జల్లెడ కేటాయించుకోవాలి. అవి మళ్ళీ ఏనాడూ వంటింటికి వెళ్ళరాదు. పలుచని చేతితొడుగులు వేసుకోవాలి. గిన్నెలో గోరువెచ్చని నీరు పోసి, గిన్నెలు తోమే ద్రవపు సబ్బు రెండు మూడు చుక్కలు కలపాలి. అందులో నూరు, నూటయాభై గుళికలు మాత్రమే మెల్లగా జారవిడవాలి. గిన్నెను ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా సుడితిప్పితే చాలు. బియ్యం కడిగినట్లు చేతితో నలిపితే, కుదిపితే మెత్తని పావడాలు దెబ్బతింటాయి. నీరు నల్లబడగానే వంచివేసి, సబ్బు పోయేవరకు మంచినీటిలో రెండు మూడుసార్లు అదేవిధంగా తిప్పి, జల్లెడలో వడకట్టాలి.

ఇక్కడ మన ఇళ్ళలోని ఒక అలవాటును గురించి హెచ్చరించవలసి ఉంది. ఇత్తడి, రాగి పాత్రలను చింతపండుతోనో, నిమ్మతొక్కతోనో తోమి మెరుగుపెట్టడం మనకు తరతరాల ఆచారం. సీసానికి అది తగదు. పులుపు సీసాన్ని కరిగించి నీటిలో కలుపుతుంది. గుళిక ఉపరితలం గరుకుబారడమే కాక, ఆ నీరు మరింత విషపూరితమవుతుంది. నిమ్మ కలిపిన సబ్బులను కూడా వాడకుండా ఉండడం మంచిది.

ఆరబెట్టడంలో ఓపిక అవసరం. నూలుదారాలు ఊడని పాత గుడ్డ పరచి, గుళికలను పావడా కిందికి వచ్చేటట్లు విడివిడిగా పేర్చి, నీడలో గాలి తగిలేచోట ఒక రోజంతా ఉంచాలి. పావడా బోలులో మిగిలిపోయిన నీటిబొట్టు బరువును మారుస్తుంది. గొట్టానికి తుప్పు తెస్తుంది. త్వరగా ఆరాలని పొయ్యిమీద గాని, వంటకు వాడే పొయ్యిపెట్టెలో గాని పెట్టరాదు.

కడిగిన నీటిని పెరటి మొక్కలకు, బావిదగ్గర, వంటింటి తొట్టిలో పోయరాదు. కొంతసేపు కదలకుండా ఉంచితే రజను అడుక్కు చేరుతుంది. ఆ మడ్డిని కాగితంతో తుడిచి, మూతగల సీసాలో భద్రపరచి, ప్రమాదకరమైన వ్యర్థాలను సేకరించేవారికి అప్పగించాలి. పాఠశాలలలో ఈ బాధ్యతను ఉపాధ్యాయుడే వహించాలి.

కందెన: ఎందుకు, ఎంత?

గుళిక గొట్టంలో దూసుకుపోయేటప్పుడు మెత్తని సీసం ఉక్కుతో ఒరుసుకుని, అతిస్వల్పంగా గోడలకు అంటుకుంటుంది. వేగం పెరిగినకొద్దీ ఈ అంటుకోవడం అధికమవుతుంది. పొర దట్టమైనకొద్దీ గురి క్రమంగా చెదురుతుంది. గుళికమీద పలుచని కందెన పొర ఉంటే ఈ అంటుకోవడం తగ్గుతుంది; గొట్టాన్ని శుభ్రపరచవలసిన వ్యవధి పెరుగుతుంది. గుళికలు నిలవలో చెడకుండా కూడా ఆ పొర కాపాడుతుంది. కందెనవలన నిజంగా కలిగే లాభాలు ఇవి.

దీనినిబట్టి ఒక సంగతి తేటతెల్లమవుతుంది. 10 మీటర్ల పోటీ తుపాకులలో వేగం తక్కువ, గొట్టం నునుపు, గుళిక నాణ్యమైనది. అక్కడ కందెనతో ఒనగూడేది స్వల్పం. అందుచేతనే పోటీ క్రీడాకారులలో ఎక్కువమంది గుళికలను పొడిగానే వాడతారు. ఎక్కువ వేగం, ఎక్కువ దూరం గల తుపాకులలో మాత్రం కందెన ప్రయోజనం కనిపించే అవకాశం ఉంది. ఒకరికి మేలు చేసిన పద్ధతి మరొకరికి నిష్ప్రయోజనం కావడానికి కారణం ఇదే. ఇద్దరూ చెప్పేది సత్యమే. వారి తుపాకులు వేరు.

కందెన పూయదలచినవారు పరిమాణాన్ని గుర్తుంచుకోవాలి. ఒక చిన్న డబ్బా అడుగున పలుచని స్పంజి ముక్క పరచి, గుళికలకోసమే తయారైన నూనెను నాలుగైదు చుక్కలు మాత్రమే దానిపై వేసి, అది అంతటా ఇంకేవరకు ఒక పూట ఆగాలి. ఆపైన ఒక్క వరుస గుళికలు పరచి, డబ్బాను మెల్లగా అటూ ఇటూ వంచి దొర్లించాలి. గుళికను కాగితంమీద పెడితే తడిమచ్చ పడరాదు. వేలికి నునుపు తెలియాలి, జిడ్డు అంటరాదు. అదే సరైన కొలత. గుళికలను నూనెలో ముంచడం, డబ్బాలోకి నూనె పిచికారీ చేయడం తగని పనులు. అదనపు నూనె దుమ్మును ఆకర్షిస్తుంది. పావడా బోలులో నిలిచి బరువును మారుస్తుంది.

మరొక ప్రమాదం ఇంతకంటే పెద్దది. గాలిని హఠాత్తుగా నొక్కితే అది వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగుభాగం వెచ్చబడడం అందరికీ అనుభవమే. స్ప్రింగు తుపాకిలో పిస్టన్ క్షణంలో వెయ్యోవంతుల కాలంలో ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. ఆ వేడికి అక్కడ చేరిన మామూలు ఖనిజనూనె ఆవిరి అంటుకుంటుంది. డీజిల్ ఇంజనులో ఇంధనం మండే సూత్రమే ఇది. తుపాకి పెద్దగా శబ్దం చేసి, పొగ వెలువరిస్తుంది. ఆ దెబ్బకు గుళిక వేగం అమాంతంగా పెరుగుతుంది. తరువాతి దెబ్బకు తగ్గుతుంది. ఏకరూపతకోసం పూసిన నూనె ఏకరూపతనే హరిస్తుంది. లోపలి బిరడాలు, స్ప్రింగు కూడా దెబ్బతింటాయి. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె, మోటారునూనె వంటివి ఇంట్లో అందుబాటులో ఉన్నాయి గదా అని వాడడం ఈ కారణంవలననే కూడదు. ముందుగా గాలి నింపిన సిలిండర్ గల తుపాకులలో ఒత్తిడి సుమారు 200 బార్ వరకు ఉంటుంది. వాటి గాలి మార్గంలో ఏ నూనె చుక్కా పడకుండా చూడాలి. తయారీదారు సూచించిన పదార్థం తప్ప మరొకటి వాడరాదు.

నమ్మకం కాదు, పరీక్ష

గుళికలు కడిగితే గురి కుదిరిందని ఒకరు, నూనె పూస్తే కుదిరిందని మరొకరు చెప్పడం విని నిర్ణయానికి రావలసిన అవసరం లేదు. ఇది ఏ కళాశాల భౌతికశాస్త్ర విభాగమైనా చేయగల పరీక్ష.

ఒకే డబ్బాలోని గుళికలను ఏరి, మూడు భాగాలు చేయాలి. మొదటి భాగాన్ని అలాగే ఉంచాలి. రెండవదానిని కడిగి ఆరబెట్టాలి. మూడవదానిని కడిగి కందెన పూయాలి. తుపాకిని ఇసుక సంచిమీద గాని, బిగింపు చట్రంలో గాని స్థిరంగా నిలపాలి. ఒక్కొక్క రకంతో అయిదేసి దెబ్బల గుంపులు కనీసం అయిదు తీయాలి. ప్రతి గుంపులో ఒకదానికొకటి అత్యంత దూరంగా పడిన రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని కొలిచి, సగటు కట్టాలి.

మూడు జాగ్రత్తలు ఉన్నాయి. గొట్టాన్ని శుభ్రపరచిన వెంటనే వచ్చే తొలి దెబ్బలు చెదిరిపోతాయి; అవి స్థిరపడేవరకు కొన్ని గుళికలు పేల్చి లెక్కనుండి తీసివేయాలి. కందెన పూసిన గుళిక తన జిడ్డును గొట్టంలో వదిలి వెళుతుంది. దాని వెనుకనే పేల్చిన పొడి గుళిక నిజంగా పొడి గుళిక కాదు. అందువలన ఒక రకంనుండి మరొక రకానికి మారేటప్పుడు గొట్టాన్ని తుడిచి, మళ్ళీ కొన్ని తొలి దెబ్బలు విడిచిపెట్టాలి. మూడవది అతిముఖ్యం. పేల్చేవానికి తన చేతిలో ఉన్నది ఏ రకమో తెలియకూడదు. గుళిక పెట్టే పని స్నేహితునికి అప్పగించాలి. మనిషి తాను శ్రమపడి కడిగిన గుళికకే తెలియకుండా ఎక్కువ శ్రద్ధ చూపుతాడు.

ఒక్కొక్క రకంలోని గుంపుల మధ్యనే ఎంతో వ్యత్యాసం ఉండి, రకాల సగటుల మధ్య తేడా దానికంటే చిన్నదైతే ఆ తేడాను యాదృచ్ఛికంగానే భావించాలి. అప్పుడు కడగడం మానివేయవచ్చు. తేడా లేదని తేలడం కూడా ఫలితమే. ఈ పరీక్షలలో విద్యార్థులు తరచుగా గ్రహించే విషయం ఒకటి ఉంది: కడగడం, కందెనలకంటే ముందు తమ తుపాకికి నప్పే గుళికను ఎన్నుకోవడమే ఎక్కువ ఫలితమిస్తుంది. ఒకే తయారీదారు గుళికలు 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తల కొలతలలో లభిస్తాయి. పేరుపొందిన క్రీడాకారులు తమ తుపాకిని చట్రంలో బిగించి, వేర్వేరు విడతల గుళికలను పరీక్షించి, కుదిరిన విడతలోనివే ఏడాదికి సరిపడా తీసుకుంటారు.

చేతులు, నోరు, నేల

గురిని గురించి ఇంత చెప్పిన తరువాత, గురికంటే విలువైనదానిని గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. సీసం విషపదార్థం. శరీరంలో ఇంత సీసం ఉన్నా హాని లేదు అని చెప్పగల కనీస పరిమాణం ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. పిల్లల ఎదిగే మెదడుకు అది కలిగించే నష్టం తిరిగి పూడేది కాదు. గర్భిణులకు కూడా అది ప్రమాదకరం.

తిరునాళ్ళ దుకాణంలో చేతులు ఖాళీ లేక గుళికలను పెదవుల మధ్య ఇరికించుకునేవారిని మనం చూస్తూ ఉంటాము. వారిని చూసి పిల్లలు అనుకరిస్తారు. ఈ అలవాటును కనిపించిన చోటనే మాన్పించాలి. గుళికలు ముట్టిన చేతితో తినరాదు, ముఖం తుడుచుకోరాదు. అభ్యాసం ముగియగానే సబ్బుతో, చల్లని నీటితో చేతులు కడుక్కోవాలి. అభ్యాసశాల నేలను పొడి చీపురుతో ఊడిస్తే సీసపు ధూళి గాలిలో లేస్తుంది, తడిగుడ్డతోనే తుడవాలి. అభ్యాసం నాటి బట్టలను వేరుగా ఉతకడం మంచిది. గుళికలను కడగడం ప్రధానంగా గురికోసమే అయినా, చేతికి అంటే రజను తగ్గడం దానివలన కలిగే మరొక మేలు. అయితే కడిగేవాని జాగ్రత్త లోపిస్తే ఆ మేలే కీడవుతుంది.

గుళిక చేరవలసిన చోటు కాగితమే. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించిన పక్షులనూ, జంతువులనూ వేటాడడం నేరం. చేతిలో ఉన్నది గాలితుపాకి అయినంతమాత్రాన ఆ నేరం తగ్గదు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో మొదలైన గాలితుపాకుల అప్పగింత ఉద్యమం ఈ సందర్భంలో స్మరించదగినది. తరతరాలుగా వేట అలవాటుగా ఉన్న ఆ ప్రాంతంలో గ్రామస్థులు తమంతట తాముగా ముందుకు వచ్చి, అడవిపక్షుల మేలుకోరి రెండువేలకు పైగా గాలితుపాకులను అప్పగించారు. అరుణాచల్ గ్రామస్థుడు తుపాకి దించిన చోట, క్రీడాకారుడు తుపాకి ఎత్తిన చోట కనిపించే సంయమనం ఒక్కటే.

ఒకే కొలత, ఒకే క్రమశిక్షణ

లోక్‌సభ ప్రథమ సభాపతి గణేశ్ వాసుదేవ్ మావలంకర్ తొలి అధ్యక్షునిగా 1951లో జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడిననాడు ఈ క్రీడ కొద్దిమందికే పరిమితమై ఉండేది. ఆయన పేరిట జరిగే అఖిలభారత పోటీలు ఇప్పుడు జాతీయ పోటీలకు చేరుకునే మెట్టుగా ఉన్నాయి. 1982 ఆసియా క్రీడల సందర్భంగా ఢిల్లీలో నిర్మించిన డాక్టర్ కర్ణీసింగ్ అభ్యాసశాల దేశం నలుమూలలనుండి వచ్చే యువతీయువకులకు వేదిక అయింది. చండీగఢ్ ప్రాంతపు అభినవ్ బింద్రా తరువాత, హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో అదే ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యం గెలుచుకున్నాడు. హర్యానాలోని ఝజ్జర్ జిల్లాకు చెందిన మను భాకర్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో కాంస్యం సాధించి, షూటింగులో ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ అయింది. హైదరాబాదు యువతి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఎయిర్ పిస్తోలులో రజతం అందుకుంది.

వీరి భాషలు వేరు, ఊళ్ళు వేరు, ఇళ్ళు వేరు. వీరందరి చేతినుండి వెలువడిన గుళిక కొలత మాత్రం 4.5 మిల్లీమీటర్లే. ఖరీదైన తుపాకి అందరికీ అందుబాటులో ఉండదన్నది నిజం. పాఠశాలలో పదిమంది విద్యార్థులు ఒకే తుపాకిని పంచుకోవలసి రావచ్చు. కాని గుళికలను ఏరడానికి, మూత బిగించి పొడిచోట దాచడానికి, కడగాలో వద్దో పరీక్షించి తెలుసుకోవడానికి, అభ్యాసం ముగియగానే చేతులు కడుక్కోవడానికి డబ్బు పనిలేదు. ఆ శ్రద్ధ అలవడిన విద్యార్థికి గురి ఎక్కడ తప్పిందో వెతకడం కూడా తెలుస్తుంది. అతడు ఇక గొట్టం వంకరను నిందించి ఊరుకోడు.